ఇంట్లోనే ఉన్నారు

పాలు పొంగేలోపు ఇంకొక్కసారి చూద్దామని డబ్బాలమ్మ స్టౌ మంట తగ్గించి, వంటగట్టు మీద తెరిచి పెట్టిన లాప్‌టాప్ వైపు తిరిగింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు నిన్న వదిలేసిన చోటే నిలబడి ఉన్నాయి. చివరి వరుస ఆమెకు కంఠతా వచ్చేసింది. స్థలం చాలదు, ప్యాకేజీ ఎక్కించలేను అని దాని సారాంశం. కొన్నాళ్ళుగా ఆ డబ్బా ఆమెకు చెబుతున్న మాట అదొక్కటే.

"చాలకపోతే చాలేట్టు చేస్తాను. చూస్తూ ఉండు," అంది తెరతో.

డబ్బా ఫ్రిజ్ మీద ఉంది. సబ్బుపెట్టెకు కాస్త పెద్దదిగా ఉండే పాత రూటరు. దాని రెండు కొమ్ముల్లో ఒకటి విరిగితే నల్ల టేపు చుట్టింది. ఎవరో కొత్తది కొనుక్కుని దీన్ని ఆమె పనిచేసే రిపేరు దుకాణంలో వదిలేసి పోతే ఇంటికి తెచ్చుకుంది. లోపల కంపెనీవాళ్ళు పెట్టిందంతా తుడిచేసి, కావలసినవి మనమే చేర్చుకోవడానికి వీలుండే లినక్సు ఎక్కించింది. ఇంటికి ఇంటర్నెట్ పంచడం తప్ప ఇలాంటి డబ్బాలకు వేరే పని చేతకాదనుకుంటారు అందరూ. కానీ లోపలున్నది చిన్న కంప్యూటరే. సరైన ప్యాకేజీ, అంటే దానికో కొత్త పని నేర్పే ప్రోగ్రాము, చేరిస్తే ప్రకటనలు ఆపుతుంది, ప్రింటరు నడుపుతుంది, పాటలు పాడుతుంది. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో కూడా కనిపెట్టి చెబుతుంది. ఆమెకు కావలసింది ఆ చివరిదే.

ముందుగదిలో గొళ్ళెం చప్పుడైంది. ఆమె తల తిప్పకుండానే, "ఇంకా టైం కాలేదండీ," అంది. చప్పుడు ఆగింది.

ముందుగదిలో ఉన్నది ఆమె భర్త. ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో ఇప్పటికీ కండక్టరుగారనే అంటారు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కదిలే బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడటం అలవాటైన కాళ్ళు ఇంట్లో కూడా ఎడంగానే పడతాయి. రెండు మూడేళ్ళుగా ఆయనకు ఒక్కొక్కటే మరుపున పడుతూ వచ్చింది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టిందీ, తర్వాత స్నానం చేసిందీ లేనిదీ, ఆ తర్వాత మనుషులు. భార్య మొహం ఇప్పుడు ఆయనకు రోజూ చూసే ప్రయాణికురాలి మొహం. పొద్దున కాఫీ తెచ్చి ఇస్తే మర్యాదగా అందుకుని, "ఎక్కడికమ్మా?" అని అడుగుతాడు. ఆమె ఏదో ఒక స్టాపు పేరు చెబుతుంది. ఆయన తల ఊపుతాడు. వాళ్ళ కాపురం ఏడాదిగా అంతే.

అన్నీ మరిచినా డ్యూటీ మాత్రం మరవలేదు. వేళ కాగానే కాలు నిలవదు. కిందటేడు ఒకసారి అలాగే వెళ్ళిపోయి, ఊరవతల డిపో గోడ పక్కన, చెప్పుల్లేకుండా, పాదం చీరుకుపోయి, మర్నాడు దొరికాడు. అప్పటినుంచి ఆమె పనికి వెళ్తూ బయట తాళం వేసుకుని పోతోంది. తాళం వేసిన ప్రతిరోజూ లోపల్నుంచి ఆయన తలుపు కొట్టడం, వీధి మలుపు తిరిగేదాకా ఆమెకు వినపడటం మామూలైంది. మొన్న సోమవారం ఎంతసేపు కొట్టాడో, సాయంత్రం వచ్చి చూసేసరికి వేళ్ళ కణుపులన్నీ పగిలి ఉన్నాయి. తలుపు మీద నెత్తురు మరకలు. ఆమె తడిగుడ్డతో ముందు ఆయన చేతులు తుడిచింది, తర్వాత తలుపు తుడిచింది. ఇక ఈ తలుపుకు తాళం వెయ్యనని ఆ గుడ్డ పిండుతుండగానే నిశ్చయించుకుంది. మర్నాటినుంచి దుకాణానికి సెలవు పెట్టి ఈ ప్యాకేజీతో కుస్తీ పడుతోంది.

ఆ చేతుల ఫొటో చూసి కూతురు పక్క ఊరినుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఏడ్చి, ముసలివాళ్ళను చూసుకునే ఒక హోమ్‌తో మాట్లాడానని చెప్పింది. గది శుభ్రంగా ఉందనీ, నర్సులున్నారనీ, ఆదివారం వచ్చి నాన్నను తీసుకెళ్తాననీ చెప్పింది.

"తాళం వేస్తే చేతులు పగలగొట్టుకుంటారు. వెయ్యకపోతే రోడ్డెక్కుతారు. ఇంకేం మిగిలిందమ్మా?" అంది కూతురు.

"డబ్బా మిగిలింది," అంది డబ్బాలమ్మ.

పాలు పొంగాయి. స్టౌ ఆపి, గిన్నె దించి, చేతులు పైటకు తుడుచుకుని ఆమె మళ్ళీ తెర ముందు కూర్చుంది.

చిక్కు ఎక్కడుందో ఆమెకు తెలుసు. కండక్టరు మణికట్టుకు ఒక బిళ్ళ కట్టింది. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. క్షణక్షణం నేనున్నాను నేనున్నాను అని బ్లూటూత్‌లో కూస్తూ ఉంటుంది. ఫోను మెడలో వేస్తే విసిరేశాడు, గడియారం పెడితే విప్పేశాడు గానీ, ఇది డ్యూటీ బిళ్ళండీ అని చెప్పి కట్టేసరికి బుద్ధిగా చెయ్యి చాపాడు. ఇప్పుడు డబ్బా ఆ కూత వినాలి. వినడానికి ఒక ప్యాకేజీ కావాలి. ఆ ప్యాకేజీ వస్తూ వస్తూ పెళ్ళికి పిలిస్తే చుట్టపక్కాలందరినీ వెంటేసుకొచ్చినట్టు ఇంకో అరడజను ప్యాకేజీలను వెంటబెట్టుకొస్తుంది. అందరికీ చోటు కావాలి. డబ్బాలో ఉన్నదేమో అగ్గిపెట్టంత జాగా. పనికిరానివి తీసేస్తే సరిపోతుందేమోనని మొదటిరోజు కొన్ని తీసి చూసింది. జాగా అంగుళం పెరగలేదు. మొదటినుంచీ లోపల అచ్చుపోసి ఉన్నవి పచ్చబొట్టు లాంటివి. పైన గుడ్డ కప్పుకోవచ్చు గానీ చెరిపేయలేం.

మిగిలిన దారి ఒక్కటే. డబ్బా వెనక ఉన్న యూఎస్‌బీ రంధ్రానికి ఒక పెన్‌డ్రైవ్ తగిలించి, ఇకనుంచి నీ గూడు ఇదేనని డబ్బాను నమ్మించాలి. పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టడానికి కావలసిన ప్యాకేజీ కూడా ముందు ఆ అగ్గిపెట్టెలోనే ఇరుక్కోవాలి. ఆమె డబ్బాను మళ్ళీ మొదట్లో ఉన్నట్టు చేసి, తాను ఇన్నాళ్ళూ కూర్చిన చిన్నాచితకా సరుకంతా వదులుకుని, ఆ ఒక్కదాన్నీ ముందుగా ఎక్కించింది. తెర మీద వరుసలు పాకుతూ వచ్చాయి. ఎక్కింది. పెన్‌డ్రైవ్ కనబడింది. ఉన్న సరుకునంతా దానిలోకి నకలు తీసి, డబ్బాను ఆపి వెలిగించింది.

దీపాలన్నీ ఆరిపోయాయి. ఒకటి వెలిగింది. వెలిగి, కొట్టుకుని, మళ్ళీ ఆరిపోయింది. ఆమె ఫ్రిజ్ మీద చెయ్యి వేసి నిలబడింది. జ్వరంతో ఉన్న పిల్ల నుదురు చూసినట్టు డబ్బాను వేళ్ళతో తాకింది. వెచ్చగా ఉంది. కాసేపటికి దీపాలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వెలిగాయి. లాప్‌టాప్‌లో చూస్తే అగ్గిపెట్టె కాస్తా గోదామయింది.

ఆ తర్వాతి పని చకచకా సాగింది. పెన్‌డ్రైవ్, బిళ్ళ కూత వినే బ్లూటూత్ ముక్క రెండూ ఒకే రంధ్రాన్ని పంచుకునేలా ఒక చీలిక పిన్ను పెట్టింది. ప్యాకేజీని పిలిచింది, చుట్టాలందరితో సహా వచ్చి కూర్చుంది. బిళ్ళ కూత వినబడినంతసేపూ ఏమీ చెయ్యకు, కొంచెంసేపు వినబడకపోతే నా ఫోనుకు కబురు పెట్టు అని నాలుగు వరుసల్లో రాసింది. కబురులో ఏమని ఉండాలో ఆలోచించి, "ఇంట్లో ఉన్నారు" అని ఒకటి, "బయటికి వెళ్ళారు" అని ఒకటి రాసింది. యంత్రం చేత కూడా ఆయన్ని మన్నిస్తూనే పలికించింది.

బిళ్ళను ఆయన చేతినుంచి విప్పి, తన గుప్పిట్లో పెట్టుకుని గేటు దాకా నడిచింది. ఫోను మాట్లాడలేదు. గేటు దాటి, రోడ్డు దాటి, మూలనున్న ఇస్త్రీ కొట్టు దాకా వెళ్ళింది. జేబురుమాళ్ళు మడతపెడుతున్న ఇస్త్రీ ఆవిడ ఏంటక్కా అన్నట్టు చూసింది. డబ్బాలమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. అప్పుడు పైట కింద ఫోను బాతులా అరిచింది. మరీ మెత్తటి చప్పుడైతే దుకాణం గోలలో వినబడదని అలాంటిది పెట్టుకుంది.

ఇస్త్రీ ఆవిడకు సంగతంతా చెప్పింది. ఆయన బయటికొస్తే తనకు తెలుస్తుందనీ, తాను ఫోన్ చేస్తే, వచ్చేలోపు ఆయనకు కాస్త అడ్డుపడాలనీ అడిగింది. "అడగాలా అక్కా? నేనెక్కడికి పోతాను," అంది ఆవిడ, ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెడుతూ.

బిళ్ళ తిరిగి ఆయన మణికట్టుకు చేరింది. పలహారం పెట్టి, మందులు వేసి, చేతులకు కట్టు మార్చి, డబ్బాలమ్మ చెప్పులేసుకుంది. తాళంకప్ప మేకుకే వేలాడుతోంది. దానివైపు చూడకుండా తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. వీధి మలుపు దాకా చెవులు వెనక్కే ఉన్నాయి. తలుపు మోగలేదు. మోగని తలుపు ఆమెను మోగే తలుపు కంటే ఎక్కువ భయపెట్టింది. అయినా నడక ఆపలేదు.

దుకాణం రెండు బట్టలకొట్ల మధ్య, మెట్ల కింద ఇరుగ్గా ఉంటుంది. గోడంతా వైర్లు, చార్జర్లు, మూతలు ఊడిన డబ్బాలు. పాడైన రూటరు డబ్బాలు బాగుచేసి డబ్బాలమ్మ అనిపించుకున్న ఆమె బల్ల లోపలి మూలన. పొట్టిగా, బొద్దుగా ఉండే ఆమె ఎత్తు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు, కింద పాత మానిటరు పెట్టె వేసుకుంది. కళ్ళద్దాలు ముక్కు చివర, జుట్టులో ఎప్పుడూ ఒక పిన్నీసు. డబ్బా వెనక సూదిబెజ్జమంత రంధ్రంలో ఉండే మీటను నొక్కడానికి దాన్ని మించిన పనిముట్టు లేదంటుంది. వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో వైర్లు కలిపేది. ఎక్స్‌ఛేంజి మూతపడ్డాక తోటివాళ్ళంతా ఇంటిపట్టున ఉండిపోయారు. ఆమె మాత్రం, తీగలు పోయి డబ్బాలొస్తే డబ్బాలే నేర్చుకుంటానని, తనకంటే సగం వయసున్న పిల్లలతో కలిసి కూర్చుని నేర్చుకుంది. వచ్చిన కొత్తలో దుకాణం ఓనరు ఆమె చేత టీలు తెప్పించాలని చూశాడు. ఆమె టీ తెచ్చేది, తెచ్చి తన బల్ల మీదే పెట్టుకుని తాగేది. ఆ తర్వాత అడగలేదు.

ఆ పొద్దున మొదటి బేరం ఒక లెక్కల మాస్టారిది. పిల్లలు వీడియోలు చూడకుండా డబ్బాకు ఏదైనా ప్యాకేజీ వెయ్యమన్నాడు. ఆమె వేస్తూ, పిల్లలు దీనికి విరుగుడు కనిపెడతారండీ, మళ్ళీ మీరే వస్తారు అని ముందే చెప్పింది. మాస్టారు నిట్టూర్చి, అయినా వెయ్యమన్నాడు. పని చేస్తున్నంతసేపూ ఫోను ఎదురుగా పెట్టుకుంది. తెర మీద "ఇంట్లో ఉన్నారు" అని ఉంది. కాసేపటికోసారి వేలితో లాగి మళ్ళీ చూస్తుంది. ఇంట్లో ఉన్నారు.

మాస్టారు వెళ్ళి ఇంకో డబ్బా మూత విప్పుతుండగా బాతు అరిచింది.

ఓనరు ఉలిక్కిపడి ఎక్కడిదది అన్నాడు. ఆమె అప్పటికే మానిటరు పెట్టె మీదనుంచి దిగింది. "ఆయన బయటికెళ్ళారు బాబూ. వెళ్ళొస్తా," అని, విప్పిన స్క్రూలు పోకుండా ఒక మూతలో వేసి మరీ కదిలింది. ఇస్త్రీ ఆవిడకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో ఎక్కింది. బుర్ర నిలకడగానే ఉంది. కబురు వచ్చింది, అంటే డబ్బా పనిచేసింది. పోయినసారిలా పొద్దుపోయాక కాదు, ఇప్పుడే తెలిసింది. ఇంకా దూరం పోయి ఉండడు.

బస్‌స్టాపులోనే ఉన్నాడు. రేకు నీడలో పదిమంది నిలబడి ఉంటే, వాళ్ళకు ఎదురుగా నిటారుగా నిలబడి, కట్టు కట్టిన చేత్తో సైగ చేస్తూ అందర్నీ లోపలికి జరగమంటున్నాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడితే ఎలాగండీ, లోపలంతా ఖాళీయే కదా అంటున్నాడు. చిత్రమేమిటంటే జనం నిజంగానే జరిగారు. ఆయన పక్కన ఇస్త్రీ ఆవిడ, కొంగు నోటికడ్డం పెట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడి ఉంది. ఆయన గేటు తీస్తుండగా చూసి, కొట్టు అలాగే వదిలేసి, ఫోను కూడా మరిచిపోయి వెనకే వచ్చిందట. ఎంత పిలిచినా ఆగలేదట.

డబ్బాలమ్మ ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది. ఆయాసం దాచుకుంది.

"డ్యూటీ దిగే టైమయిందండీ. పదండి, ఇంటికెళ్దాం."

ఆయన ఆమెను పరకాయించి చూశాడు. "నా బదులు రిలీవరు వచ్చాడా?"

"వచ్చాడు."

"సరే," అని, జనానికి జాగ్రత్త చెప్పి, ఆమె వెంట బయల్దేరాడు. పిల్లాడిలా చెయ్యి పట్టుకోనివ్వలేదు. పక్కనే, కాళ్ళు ఎడంగా వేస్తూ నడిచాడు.

సగం దారిలో కూతురు ఫోన్ చేసింది. దాచే అలవాటు లేదు కనుక జరిగింది చెప్పింది.

"అమ్మా, ఇవాల్టికైనా తాళం వెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వెయ్యను."

"ఏ లారీయో గుద్దితే?"

"గుద్దొచ్చు. లోపల పెట్టి తాళం వేస్తే ఆయన రోజూ తలుపుకు గుద్దుకుంటున్నారు కదే. నేనది వినలేను." ఆమె గొంతు పెంచలేదు. "డబ్బా ఆలస్యంగా చెప్పింది, అది నా తప్పు. ఎక్కువసేపు ఆగి చూడమన్నాను. దాన్ని సరిచేస్తాను. నువ్వు ఆదివారం రా. వచ్చి చూడు. పనిచెయ్యలేదంటే అప్పుడు నీ మాటే వింటాను."

కూతురు ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత, "నాన్న ఏం చేస్తున్నారు?" అని అడిగింది.

"నాకంటే ముందు నడుస్తున్నారు," అంది డబ్బాలమ్మ.

ఇంటికొచ్చాక ఆయనకు మంచినీళ్ళిచ్చి, వరండాలో గాలి తగిలేచోట కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వరండా డబ్బాకు వినబడే దూరమే. ఆయన వీధి వైపు చూస్తూ కుదురుగా కూర్చున్నాడు. తాళం వేసిన ఏడాదిలో ఆ కుర్చీ వరండా మొహం చూడలేదు. ఎదురింటి పిల్లి గోడ దిగి ఆయన కాళ్ళ దగ్గర ముడుచుకుంది. ఇస్త్రీ ఆవిడ ఈసారి ఫోను బొడ్లో దోపుకుని చూపించి, ఇక మరవనంది.

డబ్బాలమ్మ తిరిగి దుకాణానికి వచ్చేసరికి బల్ల మీద ఇంకో మూడు డబ్బాలు చేరి ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టి, ముందు తన లాప్‌టాప్ తెరిచింది. దుకాణంలో కూర్చునే ఇంట్లో డబ్బాలోకి దిగి, కూత వినబడకపోతే ఎంతసేపు ఆగాలన్నది బాగా తగ్గించింది. మరీ తగ్గిస్తే ఆయన పక్కకు తిరిగి పడుకున్నా బాతు అరుస్తుంది. అందుకని ఒక కూత తప్పితే పట్టించుకోవద్దనీ, వరసగా తప్పితేనే అరవమనీ ఇంకో వరుస చేర్చింది. అక్షరం అక్షరం చదువుకుని, పెదవులు కదుపుతూ సరిచూసుకుంది. తృప్తిగా అనిపించింది.

మధ్యాహ్నమంతా బాతు నోరు మెదపలేదు. ఆమె మొదట్లో నిమిషానికోసారి చూసింది. ఇంట్లో ఉన్నారు. తర్వాత డబ్బా విప్పినప్పుడొకసారి, మూసినప్పుడొకసారి. ఇంట్లో ఉన్నారు. భోజనం డబ్బా తెరిచి, ఏడాదిలో మొదటిసారి తింటున్నదేమిటో తెలిసేలా తింది. తింటుంటే ఏవేవో గుర్తొచ్చాయి. పెళ్ళయిన కొత్తలో ఆయనకు ఒకే మాట రెండుసార్లు చెప్పడం కూడా చికాకే. కోపిష్టి. ఇంట్లో కూడా కండక్టరు గొంతుతోనే మాట్లాడేవాడు. ఆమె ఎక్స్‌ఛేంజిలో రోజంతా చెవుల్లో గొంతులు విని వచ్చి, ఇంట్లో కాస్త మెల్లిగా మాట్లాడండీ అని బతిమాలేది. ఎన్నాళ్ళకో మెత్తబడ్డాడు. ఎప్పుడు మెత్తబడ్డాడో ఆమెకు సరిగ్గా తెలియదు. ఎక్స్‌ఛేంజి మూసేసిన రోజు ఆమె వంటింట్లో దిగాలుగా కూర్చుని ఉంటే, ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చుని, లేచి, తనే వంట చేశాడు. అంతా మాడిపోయింది. ఇద్దరూ తిన్నారు.

ఓనరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఆ బాతు సంగతేమిటని అడిగాడు. చెప్పింది. అతను తల గోక్కుని, మా మేనమామ కూడా ఇలాగే తయారవుతున్నాడమ్మా, అత్తయ్య రాత్రీ పగలూ గుమ్మంలోనే కూర్చుంటోంది అన్నాడు. అలాంటి డబ్బా ఇంకొకటి చెయ్యగలరా అని అడిగాడు. చెయ్యగలననీ, ఇప్పుడు దారి తెలిసింది కనుక ఈసారి ఇంత తిప్పలుండదనీ ఆమె చెప్పింది. మూలపడున్న పాత డబ్బాల్లో యూఎస్‌బీ రంధ్రం ఉన్నదాన్ని వెతికి, బూజు దులిపి, బల్ల మీద పెట్టుకుంది. సాయంత్రం దుకాణం కట్టేసేలోపు అది పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టేదాకా వచ్చింది. మిగతాది రేపు.

ఎండ చల్లబడ్డాక ఇంటికి బయల్దేరింది. దారిలో అరడజను అరటిపళ్ళు కొంది. ఇస్త్రీ కొట్టు మూసి ఉంది. ఆవిడ ఇళ్ళకు బట్టలివ్వడానికి వెళ్ళినట్టుంది. గేటు దగ్గరనుంచే వరండాలో ఆయన కనిపించాడు. కుర్చీలో, గడ్డం గుండెలకు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. బస్సు ఆఖరి స్టాపులో ఆగి ఉన్నప్పుడు కునుకు తీసే తీరు అది. లేపడం దేనికని ఆమె చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, ఆయన పక్కన ఎవరో వేసిన ఖాళీ కుర్చీని తప్పించుకుని లోపలికి వెళ్ళింది. పళ్ళు పెట్టి, మొహం కడుక్కుని, పాలు వెచ్చబెట్టి, గ్లాసులో పోసుకుని బయటికి తెచ్చింది.

"ఏమండీ. పాలు."

రెండోసారి పిలుస్తూ భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా లోపలినుంచి చల్లదనం అరచేతికి తగిలింది. ఆమె గ్లాసు గట్టు మీద పెట్టింది. ఒలకలేదు. ఆయన మొహం రెండు చేతులతో పైకెత్తి చూసింది. నొప్పి జాడ ఏదీ లేదు. కణుపుల మీద కట్టు పొద్దున తాను కట్టినట్టే, చెదరకుండా ఉంది.

నడుముకు దోపుకున్న ఫోను తీసి చూసింది. ఇంట్లో ఉన్నారు.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆయన మోకాలికి తల ఆనించింది. ఎంతసేపో ఏమో, గేటు తీసుకుని ఇస్త్రీ ఆవిడ వచ్చింది. మడత బట్టల మూట చంకలో ఉంది. చూడగానే అర్థమైంది ఆవిడకు. మూట జారవిడిచి, దగ్గరకొచ్చి, నేలమీద చతికిలబడింది.

"మధ్యాహ్నం చూశానక్కా. బాగానే ఉన్నారు," అంది కాసేపటికి. "లోపలికెళ్ళి ఇంకో కుర్చీ మోసుకొచ్చుకుని పక్కన వేసుకున్నారు. నాకోసమేమో అనుకుని, కాసేపు తోడుంటానని కూర్చోబోయాను. కూర్చోనివ్వలేదు."

డబ్బాలమ్మ తలెత్తింది.

"ఏమన్నారు?"

"సీటు ఉంచానమ్మా, మా ఆవిడ ఎక్కుతుంది, అన్నారు."

ఏడాదిగా ఆమె ఆయన నోట వినని మాట అది. ఇస్త్రీ ఆవిడను మళ్ళీ చెప్పమంది. ఆవిడ మళ్ళీ చెప్పింది. అప్పుడు డబ్బాలమ్మకు ఏడుపొచ్చింది. పెద్దగా కాదు. కళ్ళు తుడుచుకుని, కూతురికి తనే ఫోన్ చేసి చెప్పింది. తలుపు తీసే ఉందనీ, ఆయన వరండాలో కూర్చునే వెళ్ళారనీ, ఎక్కడా పడలేదనీ, ఎవరికోసమూ కేకలు పెట్టలేదనీ ఒక్కొక్క మాటే చెప్పింది. కూతురు వెక్కుతూ, వెంటనే బయల్దేరుతున్నానంది. మెల్లిగా రమ్మంది తల్లి. తర్వాత ఓనరుకు ఫోన్ చేసి, రేపు రాలేననీ, మేనమామగారి డబ్బాను ఎవరూ కదపొద్దనీ, వచ్చి తనే పూర్తి చేస్తాననీ చెప్పింది.

ఇరుగుపొరుగు ఒక్కొక్కరే చేరారు. నలుగురు కలిసి కండక్టరును లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. ఎదురింటి పెద్దాయన నిలబడలేక వరండాలో ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చెయ్యి చాపితే, ఇస్త్రీ ఆవిడ గబుక్కున అడ్డమొచ్చి లోపలినుంచి స్టూలు తెచ్చి వేసింది. వచ్చినవాళ్ళు గోడకు ఆనుకున్నారు, మెట్ల మీద కూర్చున్నారు. ఆ కుర్చీని మాత్రం ఎవరూ తాకలేదు. దాని మీద కండక్టరు నీలంగళ్ళ చేతిరుమాలు నాలుగు మూలలా సాపుగా పరిచి ఉంది, గాలికి ఎగిరిపోకుండా ఒక కొన కుర్చీ పట్టీల సందులో దోపి.